ఒంటిపూట బడి గంటా, నడినెత్తి సూర్యుడూ

మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఉదయం 7.45కు బడి, మధ్యాహ్నం 12.30కు ఇంటి గంట. పిల్లల్ని వేడి నుంచి తప్పించడానికి చేసిన ఏర్పాటు ఇది, ఆ మేరకు పనికొస్తుంది కూడా. నెల్లూరు, ఒంగోలు పరిసరాల్లో వేడి బాగా ముదిరేది మధ్యాహ్నం రెండు దాటాకే. అప్పటికి పిల్లలు ఇళ్లలో ఫ్యాను కింద ఉంటారు. చర్మాన్ని కమిలించే కిరణాలు మాత్రం ఈ లెక్కకు లొంగవు.

మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పెట్టింది. నెల్లూరు, ఒంగోలు రెండూ 80 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడి సూర్యుడు గడియారం కన్నా 10 నిమిషాలు వెనక. భూమి కక్ష్య వల్ల నెలనెలా వచ్చే తేడా కూడా కలిపితే, మార్చి మధ్యలో సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తున ఉండేది 12.19 ప్రాంతంలో. ఏప్రిల్ ఆఖరుకు 12.07. అంటే బడి వదిలే వేళ, పిల్లలు సంచులు తగిలించుకుని రోడ్డెక్కే వేళ, అతినీలలోహిత కిరణాలు పతాకస్థాయిలో ఉండే వేళ మూడూ ఒకటే. వేడిని తప్పించబోయి కిరణాలకు ఎదురెళ్లినట్టయింది. బడివేళలు మార్చమనడం తేలికే గానీ జరిగేది కాదు. ఆ నడకకు తగిన బట్టలు వేసి పంపడం మాత్రం ఇంట్లో వాళ్ల చేతిలో పని.

ఇక్కడ చిక్కంతా వేడిని చూసి ఎండను అంచనా వేయడంలోనే ఉంది. వేడి అంటే నేల, గోడలు, గాలి ఉదయం నుంచి కూడబెట్టుకున్నది. అందుకే సూర్యుడి వెనకే ఆలస్యంగా వస్తుంది. అతినీలలోహిత కిరణాలకు అలాంటి నిల్వ లేదు. సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్నదే వాటికి ముఖ్యం, ఆ తర్వాతే మబ్బు, ఓజోను. సముద్రపు గాలి తిరగగానే మైపాడులోనో కొత్తపట్నంలోనో ఒళ్లు చల్లబడుతుంది, కిరణాలు మాత్రం తగ్గవు. బైకు ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టిన పిల్లవాడికి గాలి తగిలి హాయిగానే ఉంటుంది. ఇల్లు చేరేసరికి ముఖం, మోచేతులు, తొడల పైభాగం కమిలి ఉంటాయి. పలచటి మబ్బు పట్టిన రోజు కూడా 80 శాతం వరకు కిరణాలు కిందికి దిగగలవు.

కాబట్టి చూడాల్సింది ఒంటి నీడను. నీడ మనిషి ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీలు దాటి పైకొచ్చాడని, కిరణాలు బలంగా ఉన్నాయని అర్థం. నీడ ఎత్తును మించి సాగితే వాటి జోరు తగ్గినట్టు. ఐదేళ్ల పిల్లలకు కూడా ఈ ఆట నేర్పవచ్చు. ఏప్రిల్ ఆఖరులో నెల్లూరులో నీడ ఎత్తు కన్నా పొట్టిగా ఉండేది సుమారు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3.15 దాకా. డిసెంబరు మూడో వారంలో అది 10.30 నుంచి 1.45కు కుదించుకుపోతుంది గానీ పూర్తిగా పోదు. సంక్రాంతికి మిద్దెల మీద గాలిపటాలెగరేసే పిల్లలు తలెత్తి చూసేది ఈ వేళల్లోనే.

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న మాట వేడి విషయంలో నిజం. ఆ కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. సూర్యుడు నెల్లూరుకు సరిగ్గా నడినెత్తిన నిలిచేది అంతకు నాలుగు వారాల ముందే, ఏప్రిల్ 28 ప్రాంతంలో. ఒంగోలుకు మే 2 ప్రాంతంలో. అక్కణ్ణుంచి ఉత్తరానికి జరిగి, వెనక్కి వస్తూ ఆగస్టు రెండో వారంలో మళ్లీ నడినెత్తికి వస్తాడు. ఆగస్టు 15న నెల్లూరులో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నిటారుగా తల మీద ఉంటాడు. జెండా పండుగ కవాతుకు రెండు వారాలుగా మైదానంలో సాధన చేస్తున్న పిల్లల గురించి ఎవరికీ బెంగ ఉండదు, ఎందుకంటే వేసవి పోయిందనే లెక్క. ఆ రోజుల్లో ఉదయం 9.10 దాటితే నీడ పొట్టిదవుతుంది. సాధన 9లోపు ముగించడం, లేదా చెట్ల కింద పెట్టుకోవడం ఏ పీఈటీకైనా వీలయ్యే పనే.

చాలా ఫోన్లలో వాతావరణం యాప్‌లో యూవీ ఇండెక్స్ అని, అతినీలలోహిత కిరణాల జోరు చెప్పే ఒక అంకె కనిపిస్తుంది. 3 నుంచి జాగ్రత్త పడాలి. 8 నుంచి 10 అంటే చాలా ఎక్కువ, 11, ఆ పైన తీవ్రం. ఉష్ణమండలంలో మబ్బులేని వేసవి మధ్యాహ్నం 11 దాటడం మామూలే. పక్కనే ఉన్న ఉష్ణోగ్రత అంకెను అందరూ చూస్తారు, దీన్ని చూసేవారు తక్కువ.

అసలు గోధుమరంగు చర్మానికి ఇంత అవసరమా? అడగదగ్గ ప్రశ్నే. చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం కిరణాలను కొంత అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియాలో తెల్లచర్మం వారిని పట్టి పీడించే చర్మపు క్యాన్సరు మన దగ్గర చాలా తక్కువ. అక్కడి భయాన్ని యథాతథంగా ఇక్కడికి దిగుమతి చేసుకోనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లలోపే జీవితకాలపు ఎండలో 80 శాతం పడిపోతుందని ప్రకటనల్లో తిరిగే మాట కూడా పొరపాటే. లెక్క సరిచూసినవారికి అది నాలుగో వంతు లోపే తేలింది. మన పిల్లలకు ఎండ వల్ల వచ్చే ఇబ్బందులు వేరు. చర్మం మంట పుట్టి పొట్టు లేవడం, మెడ మీద, మోచేతుల మీద దురద పొక్కులు, బుగ్గల మీద తెల్లమచ్చలు కొట్టొచ్చినట్టు కనిపించడం, ఏళ్ల తరబడి ఎండలో తిరిగిన కంట్లో కండ పెరగడం. పైగా చర్మం ముదురు రంగులో ఉంటే కమలడం ఎర్రగా కనిపించదు. ముట్టుకుంటే వేడిగా ఉండడం, స్నానం చేయిస్తే నీళ్లు తగిలి ఏడవడం, చొక్కా రాసుకుంటే నొప్పి అనడం, ఇవే గుర్తులు. అది కూడా ఎండ తగిలిన నాలుగైదు గంటలకు మొదలై, 12 నుంచి 24 గంటల మధ్య ముదురుతుంది. ఆదివారం ఆటకు సోమవారం ఏడుపు అన్నమాట.

బుగ్గల మీది తెల్లమచ్చల గురించి ఒక మాట. కాల్షియం లోపమనో, కడుపులో పురుగులనో మందులు మింగిస్తుంటారు. చాలామంది పిల్లల్లో అది చర్మం పొడిబారి రంగు తగ్గిన చోటు మాత్రమే. చుట్టూ చర్మం ఎండకు నల్లబడేకొద్దీ మచ్చ మరింత తెల్లగా తేలుతుంది. రోజుకు రెండుసార్లు మాయిశ్చరైజరు, ముఖానికి నీడ ఉంటే నెలల్లో మెల్లగా కలిసిపోతుంది.

రక్షణలో మొదటి వరస బట్టలే. క్రీముకు ఆ స్థానం ఎందుకు ఇవ్వకూడదో లెక్క వేస్తే తెలుస్తుంది. సన్‌స్క్రీన్ డబ్బా మీద రాసే, క్రీము ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి కొలుస్తారు. 22 కిలోల ఏడేళ్ల పిల్లవాడి ఒళ్లు సుమారు 8,500 చదరపు సెంటీమీటర్లు. నిక్కరు, పొట్టిచేతుల చొక్కా వేసుకుంటే ముఖం, మెడ, చేతులు, కాళ్లు కలిపి 2,500 దాకా ఎండకు తగులుతుంది. దానికి ఒక్కసారికి 5 గ్రాములు కావాలి, అంటే ఒక టీ చెంచా నిండా. 50 గ్రాముల ట్యూబు పదిసార్లకు సరి. రోజుకు రెండుసార్లు రాస్తే ఐదు రోజుల్లో ఖాళీ. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రెండున్నర రోజులు. ఏ ఇంట్లోనూ ఇలా జరగదు కాబట్టి అందరూ అందులో పావో సగమో రాసి ఊరుకుంటారు. సగం మందం రాస్తే 30 అని రాసి ఉన్న క్రీము 15కో, అంతకన్నా కిందికో దిగిపోతుంది. 30కీ 50కీ మధ్య తేడా గురించి కొట్లో చర్చించేవారు ఈ సంగతి పట్టించుకోరు. సరిగ్గా రాస్తే 30 ఆపేది 97 శాతం, 50 ఆపేది 98 శాతం. తేడా అంతే.

అదే పిల్లవాడికి పొడుగు చేతుల చొక్కా, పంట్లాం, అంచు టోపీ వేస్తే క్రీము అవసరమయ్యేది ముఖం, చెవులు, మెడ ముందు భాగం, అరచేతుల వెనక వైపు మాత్రమే. 1.4 గ్రాములు చాలు. పెద్దవాళ్ల చూపుడు వేలు మొదలు నుంచి కొసదాకా ఒక గీత పిండితే సుమారు అంత వస్తుంది. రోజుకోసారి రాస్తే ఆ ట్యూబే నెల దాటి వస్తుంది.

బట్టల్లోనూ రకాలున్నాయి. పలచటి తెల్ల నూలు చొక్కా ఐదో వంతు నుంచి ఏడో వంతు దాకా కిరణాలను లోపలికి వదులుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. చెమటతో ఒంటికి అంటుకున్న తెల్ల బనీను పేరుకే బట్ట. నేత ఎంత దట్టంగా ఉంటే, రంగు ఎంత ముదురైతే అంత మేలు. జీన్సు గుడ్డ దాదాపు అంతా ఆపేస్తుంది గానీ మన ఉక్కపోతలో పిల్లలకు వేయలేం. మధ్యేమార్గం వదులుగా కుట్టించిన, నీలం లాంటి ముదురు రంగు నూలు. ముదురు రంగు వేడిని పీల్చుకుంటుందన్నది నిజమే, అందుకే వదులుగా ఉండాలి, గాలి ఆడాలి. తెలుపు చేయని కోరా గుడ్డ, తెలుపు చేసిన గుడ్డ కన్నా మెరుగు, ఎందుకంటే పత్తిలోని సహజ రంగు పదార్థాలు కిరణాలను పీల్చుకుంటాయి. కొత్త నూలు బట్ట రెండు ఉతుకులకు ముడుచుకుని నేత దగ్గరవుతుంది. ఏళ్లు వాడి జల్లెడైన బట్ట అన్న తర్వాత తమ్ముడికి వస్తే దానితో పాటు రక్షణ రాదు. పరీక్ష సులువు: బట్టను ట్యూబులైటుకు అడ్డం పట్టండి. వెలుగు ఎంత కనిపిస్తే అంత పలచన.

టోపీ అంటే క్రికెట్ టోపీ తెస్తారు. అది నుదుటికి, ముక్కుకు నీడ ఇస్తుంది. చెవులు, మెడ వెనక వదిలేస్తుంది. చుట్టూ కనీసం 6 సెంటీమీటర్ల అంచు ఉండాలి. జాతర్లలో దొరికే తాటాకు టోపీ అల్లిక దట్టంగా ఉంటే దీనికి చక్కగా సరిపోతుంది, గాలి కూడా ఆడుతుంది. పిల్లలకు బొమ్మల అంగడి నల్లకళ్లద్దాలు కొనివ్వకపోవడమే మంచిది. యూవీ 400 అని లేని నల్ల అద్దం వెనక కంటిపాప విచ్చుకుంటుంది, కిరణాలు మరింత లోపలికి పోతాయి.

నీడను కూడా లెక్క చూసి నమ్మాలి. నడివేసవి మధ్యాహ్నం గోడ నీడ ఉండదు. రోహిణి కార్తెలో మూడు మీటర్ల ప్రహరీకి పడే నీడ ఒకటిన్నర అడుగులు మించదు, అదీ గోడకు దక్షిణం వైపు. చలికాలపు అలవాటుతో పిల్లల్ని ఉత్తరం వైపు కూర్చోబెడితే పూర్తిగా ఎండలో ఉన్నట్టే. భూమికి చేరే అతినీలలోహిత కిరణాల్లో దాదాపు సగం సూర్యుడి నుంచి నేరుగా రావు, ఆకాశం నిండా చెదిరి వస్తాయి. అందుకే గొడుగు కిందా, ఒంటరి కొబ్బరిచెట్టు కిందా నిలబడినా కమలవచ్చు. నీడలో నిలబడి తలెత్తి చూడాలి. ఆకాశం ఎంత కనిపిస్తే రక్షణ అంత తక్కువ. వేప, కానుగ, చింత గుబుర్లు మంచివి. బీచిల దగ్గరి సరుగుడు తోటల్లో సన్నటి ఆకుల మధ్య ఆకాశం చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ భోజనాలు కానిచ్చి పిల్లల్ని గంటలకొద్దీ వదిలేస్తే కమలక తప్పదు. దట్టంగా కప్పిన తాటాకు పందిరి అన్నిటికన్నా నయం. రేకుల షెడ్డు కిరణాలను పూర్తిగా ఆపుతుంది, లోపల మాత్రం ఉడికిస్తుంది. బడి ఆవరణలో కట్టే ఆకుపచ్చ షేడ్‌నెట్‌కు 50 శాతం అని ఉంటే సగం వెలుగు కిందికి వస్తున్నట్టే.

మైపాడు, కొత్తపట్నం, పాకల బీచిల్లో పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురుగు 25 శాతం దాకా కిరణాలను తిరగ్గొడతాయి. గడ్డం కింద, ముక్కు కింద కమలడానికి కారణం ఇదే, టోపీ కింది నుంచి వచ్చే దెబ్బ. నీళ్లలో మునిగితే తప్పించుకున్నట్టు కాదు. అర మీటరు లోతులోనూ పైనున్న దానిలో 40 శాతం ఉంటుంది. మోకాలి లోతులో ఆడే పిల్లల భుజాలు, వీపు పూర్తిగా ఎండలోనే. బనీను విప్పించి దింపకుండా ముదురు రంగు పొడుగు చేతుల టీషర్టుతో దింపాలి. సాయంత్రం 4 తర్వాత వెళ్తే ఈ లెక్కలేవీ పెద్దగా అక్కర్లేదు.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగకు గంటల తరబడి నీళ్లలో నిలబడేవారిలో చంటిపిల్లల తల్లులు ఎక్కువే. ఆ పండుగ వచ్చే మొహర్రం నెల ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. ఇటీవలి ఏళ్లలో జులై, ఆగస్టుల్లో జరిగిన పండుగ 2029 నాటికి మే నెలలోకి వస్తుంది. కిరణాల తీవ్రత అప్పుడూ ఇప్పుడూ దాదాపు ఒకటే అయినా, దానికి మే వేడి కూడా తోడవుతుంది. చంకలో బిడ్డ ఉంటే ఉదయం 9లోపు, లేదా సాయంత్రం నీళ్లలోకి దిగడం మేలు.

క్రీము ఎంపికలో ఆరు నెలలలోపు బిడ్డకు అసలు వద్దు. నీడ, బట్ట చాలు. ఆ పైన జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నవి పిల్లల చర్మానికి మంట పెట్టడం తక్కువ. తెల్లగా తేలుతుందని, తోటి పిల్లలు నవ్వుతారని రుద్ది రుద్ది పలచన చేస్తారు, దాంతో పని చెడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 పైన, పక్కనే పీఏ (యూవీఏ అనే రకం అతినీలలోహిత కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు) మూడు ప్లస్ గుర్తులతో ఉండాలి. మొదటిసారి మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడాలి. బయల్దేరడానికి 15, 20 నిమిషాల ముందు రాయాలి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి రాగానే మళ్లీ రాయాలి. దోమల క్రీము కూడా రాయాల్సి వస్తే అది తర్వాత. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఉంచిన ట్యూబు చెడిపోతుంది. క్రీము గడ్డకట్టినా, నీరు విడిపోయినా పారేయాలి.

పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటలున్న ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని ఎండతో ముడిపెట్టేవారు అరుదు. నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి, తర్వాత వారాలు, నెలల పాటు గోధుమరంగు చారలు నిలిచిపోతాయి. రసం కారిన దారి వెంబడి గీతలుగా, పిండిన చేత్తో ముట్టుకుంటే వేలిముద్రల్లా వస్తాయి. ఒక రోజు ఆగి మొదలై రెండు మూడు రోజులకు ముదురుతాయి కాబట్టి కారణం ఎవరికీ తట్టదు, కాలిందనో కొట్టారనో అనుమానాలు పుడతాయి. బొల్లికి వాడే బావంచాల్లో ఉండేదీ ఈ జాతి పదార్థమే. ఎండకు నల్లబడిన ముఖానికి నిమ్మచెక్క రుద్దమనే చిట్కా ఎంత తలకిందులో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. కాయలు కోసినా, ఎండలో నిలబడి సోడాకు పిండినా వెంటనే సబ్బుతో మోచేతుల దాకా కడిగించాలి.

తెల్లబడటానికని మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే క్రీములు కొన్నిటిలో బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లుంటాయి. కొన్నాళ్లకు చర్మం పలచబడి ఎండ తగలగానే మండుతుంది. పిల్లల ముఖానికి ఇవి పనికిరావు. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్, కొన్ని జ్వరాలకిచ్చే డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా వాడినన్ని రోజులు ఎండకు చర్మాన్ని బలహీనపరుస్తాయి.

పుట్టిన బిడ్డకు కామెర్లు తగ్గాలని, ఎముకలు గట్టిపడాలని పొద్దుటి ఎండలో పడుకోబెట్టడం ఇంటింటా ఉన్నదే. కామెర్లు కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి; అవసరమైతే ఆసుపత్రిలో నీలికాంతి కింద ఉంచుతారు, ఎండ దానికి బదులు కాదు. విటమిన్ డి సంగతికొస్తే, నీడ పొడుగ్గా సాగే ఏడు గంటల ఎండలో దాన్ని తయారుచేసే కిరణాలు చాలా తక్కువ. పొరుగున తిరుపతిలో జరిగిన పరిశోధనలో 11 నుంచి 2 మధ్య ఎండే దానికి పనికొస్తుందని తేలింది. చంటిబిడ్డను ఆ ఎండలో పెట్టలేం కాబట్టే ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు పిల్లల డాక్టర్లు. బడి పిల్లలకైతే నవంబరు, జనవరి మధ్య పదకొండు తర్వాత చేతులు, కాళ్లు బయట ఉంచి కాసేపు ఆడుకోనిస్తే చాలు.

కొందరు పిల్లల విషయంలో ఈ సర్దుబాట్లు పనికిరావు. మేనరికాలు ఎక్కువున్న కుటుంబాల్లో ఆల్బినిజం (పుట్టుకతోనే చర్మానికి రంగు లేకపోవడం), అరుదుగా జీరోడెర్మా పిగ్మెంటోసమ్ (ఎండ చేసిన నష్టాన్ని చర్మం సరిచేసుకోలేని జబ్బు) కనిపిస్తాయి. రెండేళ్లలోపే ముఖం నిండా నల్ల చుక్కలు, కొద్దిపాటి ఎండకే బొబ్బలు, వెలుగు చూడలేక కళ్లు మూసుకోవడం ఈ రెండో జబ్బు గుర్తులు. అలాంటి బిడ్డకు నీడ పొడుగు, మబ్బు అన్న మినహాయింపులు లేవు. పగటి వెలుగు పడే కిటికీకి కూడా రక్షణ ఫిల్మ్ వేయాలి, మామూలు అద్దం యూవీఏ కిరణాలను చాలావరకు లోపలికి వదులుతుంది.

ఇంత చేసినా ఒకరోజు కమలవచ్చు. కుండలోని చల్లటి నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డ పది పదిహేను నిమిషాలు వేసి తీయాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. ఐసుముక్క నేరుగా పెడితే కమిలిన చోటు ఇంకా దెబ్బతింటుంది. పేస్టు, పసుపు, వెన్న రాయకూడదు. తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజరు లేదా కాలమైన్ రాయవచ్చు. నొప్పికి పారాసెటమాల్ ఇవ్వవచ్చు, ఒక్కో మోతాదుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు; ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మజ్జిగ, నీళ్లు మామూలు కన్నా ఎక్కువ తాగించాలి. బొబ్బల్ని చిదమకూడదు, వాటంతట అవే అణిగితే కింద కొత్త చర్మం శుభ్రంగా వస్తుంది. ఏడాదిలోపు బిడ్డ కమిలినా, బొబ్బలు పెద్దవైనా, జ్వరం, వాంతులు, మగత ఏది తోడైనా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.